రిజిస్ట్రీకి తలంటు పోయకండి

నేను కంప్యూటర్లు బాగుచేసే పనిలోంచి ఈమధ్యే దిగిపోయాను. వయసు యాభై దాటి మరీ ఎక్కువ కాలమేం కాలేదు. కానీ బల్లల కింద దూరి వైర్లు పీకే ఉద్యోగంలో ముందు నడుం రిటైరవుతుంది, మనిషి తర్వాత అవుతాడు. నా నడుం ఎప్పుడో రిటైరైపోయి పడక్కుర్చీలో సర్దుకుని కూర్చుంది. దాన్ని ఒంటరిగా వదల్లేక వెనకే నేనూ వచ్చేశాను.

ఈ వృత్తిలోకి రావాలనుకునే పిల్లలు ఇప్పుడు మా అరుగు మీదికి వస్తున్నారు. "ముందు ఏం నేర్చుకోమంటారు మూర్తి గారూ?" అని అడుగుతారు. నోరు తిరగని ఇంగ్లీషు పేర్లేవో చెబుతానని ఎదురుచూస్తారు. బ్రష్షు పట్టుకోవడం నేర్చుకోండర్రా అంటాను. నవ్వుతారు. నవ్వే సంగతి కాదు. మా వైపు ఓ రైసు మిల్లు కంప్యూటరు మూత తీస్తే, లోపలున్న తవుడుతో రెండు గేదెలు ఓ పూట సుఖంగా గడిపేసేవి. ఇంకో రొయ్యల చెరువు ఆఫీసులో ఫ్యాను పక్కన చల్లగా ఉందని బల్లి కాపురం పెట్టి, పిల్లల్ని కని, పెంచి, వాటికి సంబంధాలు చూసే దాకా వచ్చింది. ఆ కంప్యూటరు నెమ్మదిగా నడుస్తోందని ఓనరుగారు మూడు రకాల సాఫ్ట్‌వేర్లు ఎక్కించారు. బల్లిని అడిగితే ఒక్కటీ పనిచెయ్యలేదనే చెబుతుంది.

ఇన్నేళ్ళలో నన్ను అందరూ అడిగిన ప్రశ్న ఒకటుంది. పెళ్ళి పందిట్లో అడిగారు, కాకినాడ బస్సులో నిలబడి అడిగారు, పరామర్శకి వెళ్ళినచోట ఏడుపు ఆపుకుని మరీ అడిగారు. సత్యనారాయణ వ్రతంలో నాలుగో కథ దగ్గర పంతులుగారు పుస్తకం మూసి, ఓడ మునిగిపోతుండగా వదిలేసి, అడిగారు. ఆ ప్రశ్న ఇది: "ఈ రిజిస్ట్రీ క్లీనరు అనేది వేసుకోమంటారా, వద్దంటారా అండీ?"

దానికి జవాబు రాద్దామనే కూర్చున్నాను. ఏదో కంపెనీ దగ్గర డబ్బు తీసుకుని రాసే ప్రమోషన్ల గొడవ నాకు లేదు. సొంత షాపులో నాకు నేనే ఎన్నిసార్లు ప్రమోషన్ ఇచ్చుకున్నా జీతం పెరగలేదు.

మా అమ్మమ్మ బుర్ర

రిజిస్ట్రీ అంటే ఏమిటో ముందు తెలియాలి. విండోస్ కంప్యూటర్లో ఏ ప్రోగ్రాం ఎక్కడుంది, దాని సామాను ఎక్కడ పెట్టారు, దాని అలవాట్లు ఏమిటి, ఏ ఫైలు నొక్కితే ఏది లేవాలి అనేవన్నీ గుర్తుపెట్టుకునే చోటు అది.

మా అమ్మమ్మ బుర్ర అలాంటిదే. పెద్ద కొంప, పూటకి పంక్తులు పంక్తులుగా భోజనాలు. ఆవకాయ జాడీ ఏ మూలనుందో, పెద్దల్లుడు వంకాయ తినడని, ధాన్యం కొట్టు తాళంచెవి ఏ దేవుడి పటం వెనక ఉందో అంతా ఆవిడకే తెలుసు. పెద్దల్లుడు అలిగి పెనుగొండ వెళ్ళిపోయి మళ్ళీ గుమ్మం తొక్కలేదు. అయినా ఆయన వంకాయ తినడన్న సంగతి ఆవిడ బుర్రలోంచి పోలేదు. దాంతో ఎవరికైనా నష్టం జరిగిందా? వంట ఆలస్యమైందా? ఏమీ లేదు. అది ఓ మూల కూర్చుని కునికిపాట్లు పడేది.

రిజిస్ట్రీ క్లీనరు అనేవాడు ఏం చేస్తాడంటే, మా అమ్మమ్మ దగ్గరికొచ్చి, "మీ బుర్రలో అక్కర్లేనివి చాలా ఉన్నాయమ్మా, తలంటు పోసి కడిగేస్తాను" అంటాడు. పెద్దల్లుడి వంకాయ కడిగేస్తాడు. ఆవిడ నడక వేగం వీసమెత్తు పెరగదు. కానీ ఏది చెత్తో ఏది తాళంచెవో వాడికి అంచనాయే తప్ప తెలివిడి లేదు. ఏదో ఒకరోజు దేవుడి పటం సంగతి కూడా కడిగేస్తాడు. ఇంటిల్లిపాదీ కొట్టు ముందు నిలబడి ఆకలో అని అరవాలి.

కామేశ్వర్రావు గారి నంబరు

నేను పని నేర్చుకున్నది రాజమండ్రిలో, కామేశ్వర్రావు గారనే మా బాసు షాపులో. అంత మంచి మనిషి, అంత మాటకారి గోదావరికి ఇవతలి గట్టున లేడు. అవతలి గట్టున ఉన్నట్టు కూడా నాకు తెలియదు. ఏ జబ్బుతో కంప్యూటరు వచ్చినా ఆయన ముందు రిజిస్ట్రీ క్లీనరు పెట్టేవారు. తెర మీద ఎర్ర అక్షరాల్లో తప్పుల నంబరు వచ్చేది. అది చూసి కస్టమరుకి చెమటలు పట్టేవి. మీట నొక్కగానే నంబరు జారుకుంటూ జారుకుంటూ సున్నాకొచ్చి, ఆకుపచ్చ టిక్కు పడేది. కస్టమరు గట్టిగా ఊపిరి వదిలి, పూతరేకులు కొనిచ్చి వెళ్ళేవాడు. ఇంటికెళ్ళి ఆన్ చేస్తే కంప్యూటరు మునుపటంత నెమ్మదిగానే లేచేది. అయినా "ఇప్పుడు తేలిగ్గా ఉందండి" అని ఫోన్ చేసి చెప్పేవాడు.

ఓసారి అడిగాను. "సార్, మన షాపు మిషన్‌కి మాత్రం ఎప్పుడూ ఇది పెట్టరేంటండి?"

ఆయన నన్ను ఆశ్చర్యంగా చూశారు. "మనది బాగానే పనిచేస్తోంది కదయ్యా! బాగున్నదాన్ని ఎవడైనా కెలుకుతాడా?"

"మరి వాళ్ళది?"

"వాళ్ళదీ క్లీనరుతో బాగవదు. తర్వాత నువ్వు మూత తీసి దుమ్ము దులుపుతావు చూడు, దాంతో బాగవుతుంది. దుమ్ము దులిపితే మనకి గౌరవం ఏముందయ్యా? నంబరు తగ్గితే ఉంది."

పిల్లలూ, నా మాటగా రాసుకోండి. ఆ ఎర్ర నంబరు జ్వరం కాదు, జ్వరం బొమ్మ. కామేశ్వర్రావు గారంటే నాకు ఇప్పటికీ ప్రాణం. కానీ ఆ ఒక్క విషయంలో ఆయన చేసింది తప్పే. కస్టమరు భయాన్ని పెంచి, దాన్నే తగ్గించి, వైద్యం చేశామనుకోవడం మన పని కాకూడదు. పూతరేకులు ఎంత బాగున్నా సరే. అవి చాలా బాగుండేవి.

గంగరాజు గారి పరువు

తర్వాత నేను ద్రాక్షారామానికి సైకిలు దూరంలో ఉన్న మా ఊరొచ్చి సొంతంగా షాపు పెట్టుకున్నాను. నా షాపున్న వీధి చివర రిజిస్ట్రారాఫీసు, దానికి ఆనుకుని గంగరాజు గారి గది. గంగరాజు గారు దస్తావేజులు రాస్తారు. ఆయన రాసిన దస్తావేజు తప్పుందని ఒక్కటంటే ఒక్కటీ వెనక్కి రాలేదు. ఈ మాట ఆయన రోజుకి పదిసార్లు చెబుతారు. నిద్రలో కూడా చెబుతారని వాళ్ళావిడ ఉవాచ.

ఆయన కంప్యూటరు వయసు ఎవరికీ తెలియదు. పొద్దున్నే స్విచ్చి వేసి, ద్రాక్షారామం వెళ్ళి, భీమేశ్వరస్వామిని దర్శించుకుని, పులిహోర తిని, చెయ్యి కడుక్కుని వస్తే అప్పటికి లేచేది. అందులో తెలుగు టైపింగుకి ఓ పాత ప్రోగ్రాం ఉంది. అది తయారుచేసినవాళ్ళు దుకాణం కట్టేసి చాలా కాలమైంది. అందులో టైపు చేసింది అందులోనే తెరుచుకుంటుంది, ఇంకెక్కడా తెరుచుకోదు. ఆ మిషన్‌ని ముట్టుకోవద్దని నేను ఆయనకి చెప్పినన్నిసార్లు మా ఆవిడ నాకు వంటింట్లోకి రావద్దని కూడా చెప్పలేదు.

ఓ గురువారం పొద్దున్న ముహూర్తాలు చూసుకోవడానికని ఆయన ఎక్కణ్ణుంచో ఓ ఉచిత పంచాంగం డౌన్‌లోడ్ చేశారు. దాని చంకనెక్కి రిజిస్ట్రీ క్లీనరు కూడా వచ్చింది. వచ్చీరాగానే పని మొదలెట్టి, తెర నిండా ఎర్రగా చూపించింది: మీ రిజిస్ట్రీలో వెయ్యికి పైగా తప్పులున్నాయి.

ఇంకెవరైనా అయితే ఆ కిటికీ మూసేసి పని చూసుకునేవారు. కానీ మా వైపు రిజిస్ట్రీ అంటే ఒకటే అర్థం. పొలం రిజిస్ట్రీ, ఇల్లు రిజిస్ట్రీ, స్థలం రిజిస్ట్రీ. గంగరాజు గారు జీవితమంతా ఆ మాట మీదే బతికారు. "నేను రాసిన రిజిస్ట్రీలో తప్పులా? వెయ్యా?" అని ఆయన కుర్చీలోంచి లేచారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. వెయ్యే. ఇది బయటికి పొక్కితే తను కాశీకి పోవాల్సిందేననుకుని, చుట్టూ చూసి, 'అన్నీ సరిచేయి' మీద గట్టిగా ఒక్క నొక్కు నొక్కారు.

నంబరు సున్నాకొచ్చింది. ఆకుపచ్చ టిక్కు పడింది. పరువు దక్కింది. తెలుగు ప్రోగ్రాం పోయింది.

ఒంటిగంటన్నరలోపు

ఆయన కబురు చేస్తే వెళ్ళేసరికి గదిలో ఇద్దరు మనుషులు రెండు గోడలకేసి చూస్తూ కూర్చున్నారు. తూర్పు గోడని చూస్తున్నావిడ మంగతాయారు గారు. పడమటి గోడని చూస్తున్నాయన ఆవిడ సొంత తమ్ముడు, సత్తిబాబు గారు. వీళ్ళ నాన్నగారి తోట పంచుకోవడం దగ్గర తగాదా. తోట సగం సగం అనడానికి పేచీ లేదు. నడుమ గట్టు, దాని మీద ఓ వరస కొబ్బరిచెట్లు, ఆ గట్టు ఎవరిదన్నదే పేచీ. కాయ ఏ వైపు పడితే ఆ వైపు వాళ్ళదన్నారు కొన్నాళ్ళు. పడ్డ కాయ దొర్లితే, దొర్లిన దారి కొలవడానికి టేపులు తెచ్చుకున్న రోజులున్నాయి. ఫలానా చెట్టు కావాలనే అవతలి వైపు వంగుతోందని, దానికి ఎవరో నేర్పారని కూడా అనుకున్నారు. ఆ తర్వాత మాటలు ఆగిపోయాయి. ఏళ్ళు గడిచాయి.

పెద్దలు బతిమాలగా బతిమాలగా గట్టుకి నడిమధ్యన గీత గీసి చెరిసగం రాసుకోవడానికి ఒప్పుకున్నారు. ఆ గురువారమే ముహూర్తం. ఒంటిగంటన్నరకి రాహుకాలం వచ్చేస్తుంది.

"గంగరాజు గారూ, ఆయనగారికి చెప్పండి. ఈ పూట దాటితే నేను మళ్ళీ ఈ గుమ్మం ఎక్కను" అన్నారు మంగతాయారు గారు గోడతో.

"నేనూ ఎక్కనని ఆవిడగారికి చెప్పండి" అన్నారు సత్తిబాబు గారు అవతలి గోడతో.

గంగరాజు గారు అటు తిరిగి ఇటుది, ఇటు తిరిగి అటుది చెబుతున్నారు. ఆయన మెడ అప్పటికే పట్టేసింది. దస్తావేజు మాత్రం ఆ తెరుచుకోని ప్రోగ్రాంలో ఉండిపోయింది.

"ఏం జరిగిందండీ?" అన్నాను.

"ఏం లేదయ్యా. పొద్దున్న రిజిస్ట్రీ క్లీన్ చేశాను. అంతే" అన్నారాయన, తుమ్మినంత తేలిగ్గా.

మంగతాయారు గారు లేచి నిలబడ్డారు. "ఏంటీ? రిజిస్ట్రీ క్లీన్ చేసేశారా? ఎవరి రిజిస్ట్రీ అండీ?"

"తప్పులున్నాయమ్మా అందులో. వెయ్యికి పైనే. అన్నీ తీసేశాను."

"తప్పులని మీకు ఎవరు చెప్పారండి?" సత్తిబాబు గారు కూడా లేచారు. "ఆవిడగారు గానీ ముందే వచ్చి చెప్పారా?"

"నేనెందుకు చెబుతాన్రా? నువ్వే తీయించుంటావు! చిన్నప్పుడు నా పలక మీద లెక్కలు తుడిపేసినవాడివి కదూ!"

"నేను తుడపలేదు! మేక నాకింది!"

"మేక లెక్కలు నాకేసి, ఆ చోట నీ పేరు రాసిపెట్టిందేం?"

గంగరాజు గారు నా చొక్కా పట్టుకు లాగారు. "మూర్తీ, వీళ్ళు మాట్లాడుకుంటున్నారయ్యా!"

"ఇది దెబ్బలాటండి."

"ఏదైతేనేం, మధ్యలో నేను లేను. మెడ హాయిగా ఉంది."

నేను చేతులెత్తి, ఇది పొలం రిజిస్ట్రీ కాదమ్మా, కంప్యూటరు రిజిస్ట్రీ అని చెప్పాను.

"కంప్యూటరుకి కూడా పొలం ఉందా?" అన్నారావిడ అనుమానంగా. "ఎక్కడ?"

అది వివరించడానికి మా అమ్మమ్మని, పెద్దల్లుణ్ణి, వంకాయని మొత్తం గదిలోకి తీసుకురావాల్సొచ్చింది. అంతా విని ఇద్దరూ కూర్చున్నారు. ఈసారి గోడలకేసి కాకుండా కంప్యూటరుకేసి చూస్తూ కూర్చున్నారు. ఇద్దరికీ కలిపి ఒక శత్రువు దొరికాడు.

జరిగిందేమిటంటే, ఆ తెలుగు ప్రోగ్రాం తన లైసెన్సు గుర్తుని రిజిస్ట్రీలో ఓ మూల దాచుకుంది. దాన్ని తయారుచేసినవాళ్ళే లేరు గనక క్లీనరు కంటికి అది దిక్కులేనిదిగా కనిపించింది. ఊడ్చేసింది. ఇప్పుడు ప్రోగ్రాం లేచి, తనెవరో తనకే గుర్తులేక, మళ్ళీ పడుకుంటోంది.

"క్లీన్ చేసేముందు బ్యాకప్ కావాలా అని అడిగుంటుంది కదండీ?" అన్నాను ఆశగా.

"అడిగింది. నా వెనకాల ఎవరూ అక్కర్లేదు, ఏ పార్టీ బ్యాకప్పూ లేకుండానే ఇన్నాళ్ళు నెగ్గుకొచ్చాను అని 'నో' కొట్టాను."

కంప్యూటర్ని నిన్నటి స్థితికి తీసుకెళ్ళే ఏర్పాటు ఒకటుంటుంది. మనవరాలి ఓణీల ఫంక్షను వీడియోకి చోటు చాలక దాన్ని ఎవరో ఆపేశారు. పోనీ ప్రోగ్రాం సీడీ ఏదండీ అంటే, పిట్టల్ని బెదిరించడానికి వాళ్ళ సపోటా చెట్టుకి వేలాడుతోందన్నారు. రెండేళ్ళ వానకి తడిసి, ఎండకి ఎండి, ఇప్పుడు దానికి పిట్టలు కూడా భయపడటంలేదట.

"చిత్తు ప్రతి ప్రింటు తీశారుగా?"

గంగరాజు గారు ఇబ్బందిగా కదిలారు. "తీశాను. పది గంటలకి మిరపకాయ బజ్జీలొచ్చాయి. ప్లేటు లేదు."

చెత్తబుట్టలోంచి తీసి వెలుతురులో పెట్టి చూశాను. నూనెకి కాగితం అద్దంలా మెరుస్తోంది. ఇవతలి నుంచి సత్తిబాబు గారి ముఖం కనిపిస్తోంది గానీ అక్షరం కనిపించడంలేదు. నాన్నగారి పాత దస్తావేజులో తోట మొత్తం హద్దులే ఉన్నాయి. రెండు సగాల హద్దులు చచ్చిపోయిన ఆ ప్రోగ్రాంలోనే ఉన్నాయి. గడియారం పన్నెండు కొట్టింది.

ఇంతకీ

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, అడిగినదానికి జవాబు చెప్పేస్తాను. లేకపోతే కథలో పడి మర్చిపోతాను.

రిజిస్ట్రీ క్లీనరు అక్కర్లేదు. దాంతో కంప్యూటరు వేగం పెరగడం నా అనుభవంలో నేను చూడలేదు. పాడవడం చూశాను. మిగిలిపోయిన పాత గుర్తులు బరువు కాదు, వాటి వల్ల మిషను కుంటదు. మిషను నెమ్మదిస్తే డిస్కు నిండిందేమో చూడండి. ఆన్ చెయ్యగానే పిలవని పేరంటంలా లేచే ప్రోగ్రాములుంటాయి, వాటిని ఆపండి. మెమరీ చాలుతుందో లేదో చూడండి. పాత తిరుగుడు డిస్కు ఉంటే తీసి కొత్తరకం ఎస్ఎస్‌డీ వెయ్యండి, ముసలి కంప్యూటరు కూడా పెళ్ళికొడుకులా లేస్తుంది. దుమ్ము దులపండి. బల్లికి వేరే ఇల్లు చూపించండి. ప్రోగ్రాం వద్దనుకుంటే సెట్టింగ్సులోకి వెళ్ళి పద్ధతిగా తీసెయ్యండి. మిమ్మల్ని అడక్కుండా తెర మీదికొచ్చి తప్పులున్నాయని భయపెట్టేది ఏదైనా సరే, ముందు దాన్నే బయటికి పంపండి.

రిజిస్ట్రీని అసలు ముట్టుకోకూడదా అంటే, ఎప్పుడో ఓసారి ముట్టుకోవాల్సి వస్తుంది. పాత యాంటీవైరస్ సరిగ్గా పోక కొత్తదాన్ని లోపలికి రానివ్వదు చూడండి, అలాంటప్పుడు. దాన్ని తయారుచేసినవాళ్ళు ఏ ఒక్కటి తీయమన్నారో అదొక్కటే, కాపీ దాచుకుని, చేత్తో తీయాలి. చీపురుతో కాదు.

సరే, గంగరాజు గారి గదికి రండి.

హద్దులు

నా జేబులో ఫోన్ ఉంది. నోటితో చెబితే తెలుగులో రాసుకుపోతుంది. "గంగరాజు గారూ, దస్తావేజు మాటలు మీకు కంఠతా కదా. చెప్పండి" అని ఆయన నోటి ముందు పెట్టాను. ఆయన గొంతు సవరించుకుని, గుక్కతిప్పుకోకుండా, చండీయాగం చేస్తున్నంత గంభీరంగా చెప్పారు. ఫోన్ కూడా శ్రద్ధగా రాసుకుంది. 'ఉభయులు తమలో తాము సమ్మతించి' అన్నచోట మాత్రం 'ఉప్మాలు తమలో తాము సమ్మతించి' అని రాసింది. అది దిద్దాను.

"హద్దులు నాకు గుర్తులేవయ్యా. వాళ్ళే చెప్పాలి" అన్నారు గంగరాజు గారు.

"ఒకళ్ళు చెబుతుంటే రెండోవాళ్ళు మాట్లాడకూడదండి. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఫోన్‌కి మతిపోతుంది" అని చెప్పి, ముందు మంగతాయారు గారి ముందు పెట్టాను.

"తూర్పు, పంట బోదె" అన్నారావిడ. ఫోన్ 'పంట బోధ' అంది.

"బోదె అండీ, బోదె. పొలానికి నీళ్ళొచ్చే చిన్న కాలవ" అని సత్తిబాబు గారు ఫోన్‌కి పాఠం చెప్పి, ఆగి, కాస్త నెమ్మదిగా అన్నారు. "అందులోనే కదా నేను మునిగిపోతే అక్క జుట్టు పట్టుకుని లాగింది."

"అప్పుడు జుట్టుండేది నీకు" అన్నారావిడ.

ఆయన బట్టతల తడుముకున్నారు. ఎవరూ నవ్వలేదు. అందరి పెదాలూ బిగబట్టుకుని ఉన్నాయి.

"పడమర, పుంత" అన్నారావిడ. పుంతంటే మా వైపు పొలాలకి వెళ్ళే బండిదారి.

"పుంతలో సైకిలు నేర్పిస్తానని నన్ను ఎక్కించి వదిలేసి పారిపోయింది. తుప్పల్లో పడ్డాను. ముళ్ళు."

"ముళ్ళన్నీ తీసింది ఎవర్రా మరి?"

"నువ్వే. ఒక్కో ముల్లుకి ఓ తాటిముంజె ఇస్తానన్నావు. ఇంతవరకూ ఇవ్వలేదు."

గంగరాజు గారు తెరలోకి తొంగి చూసి గుండె పట్టుకున్నారు. ఫోన్ అంతా రాసేస్తోంది. 'తూర్పు పంట బోధ అప్పుడు జుట్టుండేది నీకు పడమర పుంత తుప్పల్లో పడ్డాను ముళ్ళు.' "అమ్మా, మిగతావన్నీ సరే గానీ ఈ జుట్టు సంగతి సబ్ రిజిస్ట్రారు గారు ఒప్పుకోరు తల్లీ!"

దాంతో బిగబట్టుకున్నదంతా బద్దలైంది. మంగతాయారు గారు కొంగు నోట్లో పెట్టుకుని, కుర్చీ చేతులు పట్టుకుని, ఊగిపోయి నవ్వారు. సత్తిబాబు గారి నవ్వుకి పక్క గదిలో టైపు మిషను గంట కొట్టిందని తర్వాత చెప్పుకున్నారు. అది నేను వినలేదు గానీ, కొట్టే ఉంటుంది.

దక్షిణం పక్కవాళ్ళ తోట. ఒక్క ముక్కలో అయిపోయింది. ఇక ఉత్తరం. ఆవిడ సగానికి ఉత్తరపు హద్దు ఆ గట్టే.

నవ్వులు ఆగిపోయాయి. పన్నెండున్నర దాటింది. ఫోన్ చెవి రిక్కించుకుని ఎదురుచూస్తోంది.

"ఉత్తరం..." అని ఆవిడ తమ్ముడికేసి చూశారు. "మా తమ్ముడి గట్టు అని రాయండి."

సత్తిబాబు గారు ఫోన్ నా చేతిలోంచి లాక్కున్నారు. "కాదు. మా అక్క గట్టు అని రాసుకో!"

"నీదేరా. నాన్న ఆ చెట్లు పాతినప్పుడు నీళ్ళు మోసింది నువ్వు."

"కుండ పగలగొట్టింది కూడా నేనే. దెబ్బలు నువ్వు తిన్నావు. గట్టు నీదే."

"నాకొద్దు!"

"నాకూ వద్దు!"

గంగరాజు గారు నెత్తి కొట్టుకున్నారు. "నాయనా, ఇంతకాలం ఇద్దరికీ కావాలని చంపారు, ఇప్పుడు ఇద్దరికీ వద్దని చంపుతున్నారు! దిక్కులేని గట్టుకి దస్తావేజు రాయలేనమ్మా నేను. పోనీ, ఉభయుల ఉమ్మడి గట్టు అని రాసెయ్యనా? కాయలు చెరిసగం."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సత్తిబాబు గారు ఫోన్‌ని నోటి దగ్గరికి తెచ్చుకుని, పసిపిల్లకి చెప్పినట్టు అక్షరం అక్షరం విడదీసి చెప్పారు. "ఉత్తరం, ఉ-మ్మ-డి గట్టు." ఒక్క పొల్లు తప్పు లేకుండా రాసింది.

ఆయన సగం హద్దులు కూడా చెప్పించి, నా షాపు ప్రింటర్లో ప్రింటు తీసుకుని, వేడి వేడి కాగితాలతో నేనూ గంగరాజు గారూ పరుగెత్తాం. మా వెనక అక్కాతమ్ముళ్ళు. చూసినవాళ్ళు ఎవరినో తరుముతున్నారనుకుని దారి ఇచ్చారు.

సబ్ రిజిస్ట్రారు మేడమ్ అంతా చదివి, కళ్ళజోడు సర్దుకుని, అందరినీ అడిగేదే అడిగారు. "ఎవరి బలవంతమూ లేకుండా, మీ ఇష్టంతోనే రాసుకున్నారా అమ్మా?"

"లేదండి" అన్నారు మంగతాయారు గారు.

గంగరాజు గారు గోడ వెతుక్కుని దానికి ఆనుకున్నారు.

"వీడు దారి పొడుగునా ఒకటే బలవంతమండి. కాయలన్నీ నువ్వే దింపించుకో అక్కా, నాకు సగం వద్దు అని. నేను ఒప్పుకోలేదు. సగమంటే సగమే అన్నాను. అది కూడా రాసుకోండి."

మేడమ్ పెన్ను కింద పెట్టి, నవ్వి, "అది రాయడానికి నా దగ్గర చోటు లేదమ్మా. వేలిముద్ర వెయ్యండి" అన్నారు.

ఆవిడ వేశారు. సత్తిబాబు గారి వేలు మాత్రం మిషను తీసుకోలేదు. కొబ్బరి పీచు ఒలిచి ఒలిచి ఆ వేలి మీద గీతలే అరిగిపోయాయి. మళ్ళీ పెట్టారు. ఊహూఁ. గడియారం ఒంటిగంటన్నర వైపు పాకుతోంది. మంగతాయారు గారు ముందుకొచ్చి, తమ్ముడి బొటనవేలు పట్టుకుని, కొంగుతో గట్టిగా తుడిచి, "సరిగ్గా పెట్టరా, చచ్చినాడా" అంటూ తన చేత్తోనే అద్దం మీద పెట్టి నొక్కారు.

మిషను కుయ్‌మంది. పచ్చదీపం వెలిగింది.

ఆవిడ మాత్రం తమ్ముడి వేలు ఇంకాసేపు వదల్లేదు.